ఇంట్లో ఇద్దరికీ నాడి నెమ్మదే, కారణం మాత్రం ఒకటి కాదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అబ్బాయికి 22 ఏళ్ళు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. రెండేళ్ళుగా తెల్లారగట్ట కాలువ గట్టు మీద పరిగెడతాడు. వారానికి ఆరు రోజులు, రోజుకి 8 నుంచి 10 కిలోమీటర్లు. మొన్న ఊళ్ళో వైద్య శిబిరం పెడితే వాడికీ మావారికీ ఈసీజీ తీశారు. వాడి నాడి 44 అట. కాగితం మీద ‘సైనస్ బ్రాడీకార్డియా, ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్, ఎల్‌వీహెచ్, ఎర్లీ రీపోలరైజేషన్, అబ్‌నార్మల్ ఈసీజీ’ అని వచ్చింది. గుండెలో బ్లాకు ఉందని చుట్టాలంతా అంటున్నారు, పరుగు మానిపించమంటున్నారు. మావారికి 54. రొయ్యల చెరువుల మీద పని. బీపీకి ఏడేళ్ళుగా అటెనలాల్ 50 వేసుకుంటారు. ఆయన నాడి 52, ఆయన కాగితంలో కూడా అదే ఫస్ట్ డిగ్రీ బ్లాకు. మూడు వారాల క్రితం నడక మొదలుపెట్టారు. ‘నా గుండె కూడా వాడి గుండెలా గట్టిపడింది’ అని సంబరపడుతున్నారు గానీ, డాబా మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఈ నెలలో రెండుసార్లు కళ్ళు తిరిగాయి. ఇద్దరి కాగితాలూ పంపుతున్నాను. వీళ్ళిద్దరిలో ఎవరి గురించి భయపడాలండీ?

సమాధానం: అమ్మా, ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాం. మీరు పంపిన కాగితాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి ఈసీజీలో బాగా పరుగెత్తే కుర్రాళ్ళలో మామూలుగా కనిపించే మార్పులే ఉన్నాయి. పరుగు మానిపించాల్సిన గుర్తు ఒక్కటీ లేదు. మీవారిని మాత్రం ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. ఆయన నాడి నడక వల్ల తగ్గింది కాదు.

‘బ్లాకు’ అనే మాట మీ ఇంట్లో నిద్ర చెడగొట్టింది కాబట్టి దాని సంగతి చూద్దాం. గుండెలో బ్లాకు అనగానే మనవాళ్ళకి రక్తనాళం పూడుకుపోవడం, యాంజియోగ్రామ్, స్టెంటు గుర్తొస్తాయి. ఈ కాగితంలో రాసిన బ్లాకుకీ దానికీ సంబంధం లేదు. గుండెలో నెత్తురు మోసే గొట్టాలు వేరు, కరెంటు మోసే దారులు వేరు. ఏవీ బ్లాక్ అన్నది కరెంటు దారి మాట. అందులోనూ ఫస్ట్ డిగ్రీ అంటే ఎక్కడా ఏదీ ఆగిపోలేదు. పైనుంచి బయల్దేరిన ప్రతి సంకేతమూ కిందికి చేరింది, కాస్త ఆలస్యంగా చేరింది, అంతే. ఆ ఆలస్యానికి బ్లాకు అని పేరు పెట్టడం వైద్యంలో పాతకాలం నుంచీ వస్తున్న అలవాటు. ఆ పేరు వల్ల ఎన్ని ఇళ్ళల్లో ఎంత భయం పుట్టిందో!

ఆ కరెంటు దారి ఎలా ఉంటుందంటే, గుండె కుడి పై గదిలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట, సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంది. కరెంటు అక్కడ పుడుతుంది. పై గదులంతా పాకి, పై గదులకీ కింది గదులకీ మధ్యనున్న ఏవీ నోడ్ దగ్గర కొద్దిసేపు ఆగుతుంది. మన కాలువల మీద లాకు దగ్గర పడవ ఆగినట్టన్నమాట. ఆగడం అవసరమే, ఎందుకంటే ఆ కాస్త వ్యవధిలోనే పై గదుల్లో నెత్తురు కింది గదుల్లోకి పూర్తిగా దిగుతుంది. లాకు దాటాక హిస్ కట్ట, దాన్నుంచి కుడి ఎడమ కొమ్మలు, ఆ తర్వాత సన్నటి పర్కింజీ దారాలు. పెద్ద కాలువ పిల్ల కాలువలుగా, బోదెలుగా చీలి చివరి చేను దాకా నీరందించినట్టు, కరెంటు కింది గదుల కండ అంతటికీ అందుతుంది. అప్పుడు గుండె ముడుచుకుంటుంది.

ఇప్పుడు మీ అబ్బాయి కాగితం ముందు పెట్టుకోండి. కింది అంచున వేగం 25, ఎత్తు 10 అని అంకెలుంటాయి. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల చొప్పున నడిచిందని మొదటిదాని అర్థం. కాబట్టి ఒక చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గళ్ళున్న పెద్ద గడి 0.2 సెకను. నిటారుగా లేచే పొడుగాటి ముల్లు క్యూఆర్ఎస్, అంటే కింది గదుల్లో కరెంటు పాకిన క్షణం. రెండు ముళ్ళ మధ్య చిన్న గళ్ళు లెక్కపెట్టి 1500ని ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. మీవాడి కాగితంలో పొడవాటి చివరి వరసలో 34 గళ్ళున్నాయి, అంటే 44. ఇలా నాడి నెమ్మదిగా ఉండటాన్నే కాగితంలో ‘సైనస్ బ్రాడీకార్డియా’ అని రాశారు. పక్క జతలో 32, ఆ పక్కన 36. ఇలా ఎడం మారడం చూసి లయ తప్పిందనుకోకండి. ఊపిరి పీల్చినప్పుడు ముళ్ళు దగ్గరవుతాయి, వదిలినప్పుడు దూరమవుతాయి. ఆరోగ్యంగా ఉన్న పడుచు గుండెలో ఇది ఉండాల్సిందే.

ప్రతి ముల్లుకీ ముందు చిన్న గుండ్రటి గుట్ట ఉందా? అది పీ తరంగం, పై గదుల కరెంటు. ప్రతి గుట్ట తర్వాతా ముల్లుంది, ప్రతి ముల్లుకీ ముందు గుట్ట ఉంది. గుట్ట మొదలు నుంచి ముల్లు మొదలు దాకా ఉన్న దూరాన్ని పీఆర్ అంటారు. లాకు దగ్గర ఆగిన సమయం అందులోనే ఉంటుంది. మామూలుగా 3 నుంచి 5 చిన్న గళ్ళు, అంటే 120 నుంచి 200 మిల్లీసెకన్లు. మీవాడికి అయిదున్నర గళ్ళు దాటి 224 వచ్చింది. ‘ఫస్ట్ డిగ్రీ బ్లాక్’ అని ముద్రించడానికి మిషన్‌కి అది చాలు.

ఎల్‌వీహెచ్ అన్నది మరో భయపెట్టే ముక్క. ఎడమ కింది గది గోడ మందమైందని దాని అర్థం. కానీ ఈసీజీ గోడను కొలవదు, ముళ్ళ ఎత్తును కొలుస్తుంది. ఛాతీ మీద అంటించే ఆరు ఎలక్ట్రోడ్ల వరసలకి వీ1 నుంచి వీ6 దాకా పేర్లు. వీ1లో కిందికి దిగిన ముల్లు, వీ5లోగానీ వీ6లోగానీ పైకి లేచిన ముల్లు, రెంటి పొడుగూ కూడితే 35 మిల్లీమీటర్లకు చేరితే మిషన్ ఆ మాట రాసేస్తుంది. మీవాడికి 16, 24 కలిపి 40. బక్కపల్చని కుర్రాడు, ఛాతీ మీద కొవ్వు లేదు, గుండెకీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య అడ్డం తక్కువ, కాబట్టి ముల్లు పొడుగ్గా పడుతుంది. దానికి తోడు పరుగు వల్ల గుండె గది కాస్త పెద్దదవుతుంది, గోడ కూడా దానికి తగ్గట్టు కొంచెం బలుస్తుంది. ఎత్తు ఒక్కటే పెరిగి, మిగతా తీరు అంతా మామూలుగా ఉంటే ఆటగాళ్ళలో దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. ఎత్తు చూసే ముందు కాగితం అంచున చిన్న పెట్టెలా ఉండే గీత కూడా చూడాలి. అది 10 మిల్లీమీటర్లుండాలి. 20 ఉంటే అన్ని ముళ్ళూ రెట్టింపు పొడుగ్గా కనిపిస్తాయి. మీ కాగితంలో సరిగ్గానే ఉంది.

ఎర్లీ రీపోలరైజేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముల్లు దిగిన చోట గీత ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి, ఊయలలా వంగి, ముల్లు తర్వాత వచ్చే పొడుగాటి గుట్టలో, అంటే టీ తరంగంలో, కలుస్తుంది. గట్టిగా కసరత్తు చేసే కుర్రాళ్ళలో ఇది చాలా మామూలు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిలో గీత పైకి లేస్తే ఆ కథే వేరు. మీవాడికి నొప్పి లేదు.

ఇలాంటి కాగితాలు చూసి అనవసరంగా భయపెట్టకూడదనే, అలాగే అసలైన జబ్బును వదిలెయ్యకూడదనే, 2017లో చాలా దేశాల స్పోర్ట్స్ కార్డియాలజీ నిపుణులు కలిసి ఒక ఉమ్మడి ప్రమాణం రాసుకున్నారు. 12 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసు, వారానికి కనీసం 4 గంటలు క్రమంగా సాధన చేసేవాళ్ళ కోసం అది. ఏ బాధా లేకుండా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు లేకుండా ఉంటే, నాడి 30 దాకా తగ్గినా, పీఆర్ 400 లోపున్నా, ముళ్ళ ఎత్తు పెరిగినా మరో పరీక్ష అక్కర్లేదని అందులో ఉంది. మీవాడు వయసుకీ సాధనకీ రెంటికీ ఆ లెక్కలోకి వస్తాడు. మీవారు రారు. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

పరుగెత్తితే నాడి ఎందుకు తగ్గుతుంది? కూర్చున్న మనిషికి నిమిషానికి దగ్గర దగ్గర 5 లీటర్ల నెత్తురు కావాలి. మామూలు గుండె దెబ్బకి 70 మిల్లీలీటర్లు తోస్తుందనుకుంటే 72 సార్లు కొట్టుకోవాలి. సాధన చేసిన గుండె నిండుగా నిండుతుంది, దెబ్బకి 115 మిల్లీలీటర్లు తోస్తుంది, 44 సార్లకే అదే 5 లీటర్లు వచ్చేస్తాయి. మరి కరెంటు సంగతి? సైనస్ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే పడుచు వయసులో నిమిషానికి వంద దాకా కొడుతుంది. మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నరం దాన్ని ఎప్పుడూ కాస్త వెనక్కి లాగి పట్టుకుంటుంది. సాధనతో ఆ పట్టు బిగుస్తుంది. ఏవీ నోడ్ మీద కూడా ఆ నరం పట్టే ఉంది, పీఆర్ పెరగడం అందుకే. నిద్రలో పట్టు ఇంకా ఎక్కువ. అందుకే కొందరు పరుగుగాళ్ళకి రాత్రిపూట వెంకెబాక్ తీరు కూడా కనిపిస్తుంది: పీఆర్ దెబ్బదెబ్బకీ కొంచెం కొంచెం సాగి, చివరికి ఒక దెబ్బ తప్పి, మళ్ళీ మొదటికి వస్తుంది.

నరం ఒక్కటే కాదు, నోడ్ కూడా మారుతుంది. నోడ్ కణాల గోడలో హెచ్‌సీఎన్4 అనే చిన్న ద్వారాలుంటాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య వాటిగుండా సోడియం మెల్లగా లోపలికి జారి, తర్వాతి దెబ్బకు కణాన్ని సిద్ధం చేస్తుంది. దీర్ఘకాలం సాధన చేయించిన ఎలుకల్లో ఆ ద్వారాల సంఖ్యే తగ్గినట్టు పరిశోధకులు చూపించారు. మనుషుల్లో కూడా నరాల ప్రభావాన్ని మందులతో పూర్తిగా ఆపినా ఆటగాళ్ళ నాడి మిగతావాళ్ళ కంటే నెమ్మదిగానే నడుస్తుంది. నరం పట్టు, నోడ్ మార్పు, ఈ రెంటిలో ఏది ఎంత అన్న చర్చ నిపుణుల్లో ఇంకా నడుస్తోంది. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఈ మార్పు నెలల మీద వస్తుంది, పరుగు ఆపేస్తే వారాల్లో చాలావరకు వెనక్కి పోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. హెన్షెన్ అనే స్వీడన్ వైద్యుడు మంచు మీద స్కీ పోటీల్లో పాల్గొనేవాళ్ళ ఛాతీని వేళ్ళతో తట్టి చూసి, వీళ్ళ గుండె పెద్దది, అయినా ఆరోగ్యంగానే ఉందని 1899లోనే రాశాడు. వెంకెబాక్ అనే వైద్యుడు తన పేరున్న ఆ తీరును నాడి కదలికల గీతల్లో పట్టుకున్నది కూడా ఆ ఏడాదే. ఐంథోవెన్ ఈసీజీ యంత్రం గురించి ప్రకటించిందేమో 1903లో. నాడిని శ్రద్ధగా చూస్తే ఎంత తెలుస్తుందో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

మీవాడికి మేం చెప్పే పని ఒకటుంది. శిబిరాల్లో తీసిన ఈసీజీని చివరి మాటగా తీసుకోకూడదు. మన వైపు ఉక్కకి ఛాతీ మీద చెమట పట్టి ఎలక్ట్రోడ్లు జారుతుంటాయి, గీత అలలా పైకీ కిందికీ పోతుంది. వీ1, వీ2 అంటించాల్సింది రొమ్ము ఎముకకి చెరో పక్కన నాలుగో పక్కటెముక కింది సందులో. హడావుడిలో రెండు సందులు పైన అంటిస్తుంటారు. అప్పుడు వీ1లో లేని కుడి కొమ్మ బ్లాకు ఉన్నట్టు కనిపిస్తుంది. చేతుల తీగలు అటూఇటూ మారితే మొదటి లీడ్‌లో, అంటే కాగితంలో I అని రాసి ఉండే వరసలో, ముళ్ళన్నీ తలకిందులవుతాయి. కాబట్టి దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గర ఇంకోసారి తీయించండి. తుండుతో చెమట తుడుచుకుని, అయిదు నిమిషాలు కదలకుండా పడుకున్నాక ఒకటి. తర్వాత అక్కడే 30 గుంజీలు తీయించి వెంటనే మరొకటి. మొదటిదానిలో 44 ఉన్న నాడి రెండోదానిలో బాగా పైకి లేవాలి, 224 ఉన్న పీఆర్ 200 లోపుకి కుదించుకోవాలి. కసరత్తు మొదలుకాగానే వేగస్ పట్టు వదులుతుంది, లాకు తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. నోడే జబ్బుపడి వచ్చిన నెమ్మది అయితే ఇలా లేవదు. ఆ రెండు కాగితాలూ, రోజూ ఎన్ని కిలోమీటర్లు పరిగెడుతున్నాడో రాసుకున్న నోటు పుస్తకమూ దగ్గరుంటే రేపు ఉద్యోగం వైద్య పరీక్షలో ఎవరైనా అడిగినా చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. వాళ్ళ నిబంధనలు వాళ్ళవి, తుది నిర్ణయం వాళ్ళదే అనుకోండి.

ఏవి కనిపిస్తే పరుగు ఆపాలో కూడా తెలుసుకోవాలి. వీ5, వీ6లో టీ తరంగం తలకిందులుగా ఉండటం, ముల్లు తర్వాత గీత కిందికి కుంగడం, క్యూఆర్ఎస్ మూడున్నర చిన్న గళ్ళంత అంటే 140 మిల్లీసెకన్లంత వెడల్పవడం, ఎడమ కొమ్మ పూర్తి బ్లాకు, క్యూటీసీ, అంటే ముల్లు మొదలు నుంచి టీ తరంగం చివరి దాకా పట్టే సమయాన్ని నాడి వేగానికి తగ్గట్టు సరిచేసిన లెక్క, మగవాళ్ళలో 470 మిల్లీసెకన్లకి చేరడం, ముల్లు మొదట్లోనే ఏటవాలుగా మొదలయ్యే డెల్టా తరంగం, పది సెకన్ల కాగితంలో రెండుసార్లు కింది గది తొందరపడి కొట్టడం. వీటిలో ఏదీ సాధన వల్ల వచ్చేది కాదు. గోడలు జబ్బుతో మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి లాంటివి ఇలాగే బయటపడతాయి. అనుమానం వస్తే 2డీ ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తారు. సాధన చేసిన గుండెలో గది పెద్దదై గోడ సాధారణంగా 12 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. జబ్బులోనైతే గోడ దళసరై గది ఇరుకవుతుంది. మీవాడి కాగితంలో టీ తరంగాలన్నీ నిటారుగా ఉన్నాయి, క్యూఆర్ఎస్ 98, క్యూటీసీ 408.

కాగితం బాగున్నా మనిషి చెప్పే మాట దానికంటే పెద్దది. పరుగు మధ్యలో స్పృహ తప్పడం, ఛాతీలో బిగపట్టడం, ఉన్నట్టుండి గుండె దడదడలాడి ఉన్నట్టుండి ఆగడం, తండ్రి వైపుగానీ మీ వైపుగానీ 40 ఏళ్ళలోపు నిద్రలోనో ఈతలోనో హఠాత్తుగా పోయినవాళ్ళుండటం, వీటిలో ఏదున్నా ముందు కార్డియాలజిస్టు, తర్వాతే పరుగు. పరుగు ఆపి టక్కున నిలబడితే కళ్ళు తిరగడం వేరు. కాళ్ళలోకి దిగిన నెత్తురు పైకి రాక అలా అవుతుంది. పరుగయ్యాక అయిదు నిమిషాలు నడిస్తే అది రాదు. ఇంకో రెండు మాటలు. జ్వరం ఉన్న రోజుల్లో పరుగు వద్దు. డెంగీ, ఫ్లూ లాంటి వైరస్ జ్వరాలు ఒక్కోసారి గుండె కండను కూడా వాపెక్కిస్తాయి, అప్పుడు గట్టి కసరత్తు చేస్తే ప్రమాదకరమైన లయలు పుడతాయి. పరీక్ష దగ్గరపడే కొద్దీ కుర్రాళ్ళు తాగే ఎనర్జీ డ్రింకులు, ఎవరో ఇచ్చిన పౌడర్లు కూడా వద్దు.

ఇక మీవారి సంగతి. కాగితం మీద అంకెలు చూస్తే తండ్రీకొడుకులు ఒకే బడిలో చదివినట్టే ఉన్నారు: నాడి 52, పీఆర్ 228. అందుకే ఆయన మోసపోయారు. మూడు వారాల నడకకి నాడి ఇంత తగ్గదు. ఇన్నాళ్ళూ కసరత్తు లేని మనిషి మూడు నెలలు క్రమంగా నడిస్తే విశ్రాంతి నాడి నాలుగైదు తగ్గితే అదే మంచి ఫలితం. ఆయన నాడిని పట్టి ఉంచింది ముందుగా అటెనలాల్ అయి ఉంటుంది. ఆ బిళ్ళ పని అదే: సైనస్ నోడ్‌నీ ఏవీ నోడ్‌నీ రెంటినీ నెమ్మదింపజేస్తుంది. ఇది శరీరం నుంచి మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. ఏడేళ్ళ క్రితం సరిపోయిన 50 మిల్లీగ్రాములు, బీపీ వల్ల మూత్రపిండాలు కాస్త మందగించి ఉంటే, ఇవాళ ఎక్కువ మోతాదులా పనిచేస్తాయి. గ్లాకోమాకి టిమొలాల్ చుక్కలు వేసుకుంటున్నారేమో చూడండి. అవి కంటి నుంచి నెత్తుట్లో కలిసి నాడిని ఇంకా తగ్గిస్తాయి, కంటి మందే కదా అని చాలామంది డాక్టరుకి చెప్పరు. థైరాయిడ్ మందగించినా, నెత్తుట్లో పొటాషియం పెరిగినా నాడి తగ్గుతుంది. ఇవేవీ కాకపోతే వయసుతో నోడే అలసిపోవడం ఒకటుంది. ఇక మెట్ల మీద ఆయాసం, అది రక్తనాళాల జబ్బుకి కూడా గుర్తు కావచ్చు. మీ చుట్టాలు భయపడుతున్న, నాళం పూడుకుపోయే ఆ బ్లాకు ఉందో లేదో చూడాల్సింది ఈయనకే.

కొడుకు గుండె 44 నుంచి అడిగిన వెంటనే 170కి లేస్తుంది. తండ్రి గుండె 52 నుంచి మెట్ల దగ్గర అడిగినా పైకి లేవలేకపోతోందేమో అని మా అనుమానం. విశ్రాంతిలో అంకె కాదు, అవసరం వచ్చినప్పుడు ఎంత లేస్తోంది అన్నదే ఇక్కడ చూడాల్సింది. గుంజీల పరీక్ష మాత్రం ఈయనకి ఇంట్లో చెయ్యకండి. ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ మీద, డాక్టరు పక్కనుండగా చెయ్యాలి. గంటకి 2.7 కిలోమీటర్ల నడకతో, 10 శాతం వాలుతో మొదలుపెట్టి మూడు నిమిషాలకోసారి పెంచుతారు. మొత్తం సేపూ ఈసీజీ నడుస్తూనే ఉంటుంది. నాడి ఎంత లేచింది, ఆపిన మొదటి నిమిషంలో ఎంత దిగింది, గీత కుంగిందా అన్నీ తెలుస్తాయి. ఆ మొదటి నిమిషంలో 12 కంటే ఎక్కువ దిగాలి.

అటెనలాల్ మీ అంతట మీరు ఆపొద్దు. ఏడేళ్ళు వేసుకున్న బిళ్ళను టక్కున ఆపితే నాడీ బీపీ ఒక్కసారిగా ఎగబాకుతాయి, నాళాల జబ్బు ఉన్నవాళ్ళకి గుండెపోటు కూడా రావచ్చు. తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరే మెట్టుమెట్టుగా చేస్తారు. వెళ్ళేటప్పుడు ఆయన వాడే బిళ్ళల అట్టలన్నీ, కంటి చుక్కలుంటే అవీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. క్రియాటినిన్ (మూత్రపిండాల కోసం), పొటాషియం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలా అని అడగండి. కళ్ళు తిరుగుతున్నాయని తప్పకుండా చెప్పండి, మగవాళ్ళు డాక్టరు ముందు ఆ మాట దాచేస్తారు. 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ యంత్రం, పెడితే ఆ రోజు మామూలు పనులన్నీ చేసుకుంటూ, కళ్ళు తిరిగిన టైము నిమిషంతో సహా రాయమనండి. ఆ నిమిషంలో గీత ఎలా ఉందో చూడటానికే ఆ యంత్రం.

ఈలోగా రాత్రిపూట చెరువు గట్టు మీద ఒంటరిగా తిరగడం, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు సర్దడానికి నీళ్ళలోకి దిగడం, బండి నడపడం మానిపించండి. కళ్ళు తిరిగే మనిషికి గుండె కంటే ముందు చెరువు ప్రమాదం. పొద్దున్నే మంచం దిగకముందు మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో, రెండు వేళ్ళతో నాడి పట్టి నిండు నిమిషం లెక్కపెట్టి రాయండి. బొటనవేలితో పట్టకూడదు, దాని నాడే మీకు తగులుతుంది. 40 కంటే తగ్గి తల తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీలో బిగపట్టి చెమటలు పట్టినా 108కి ఫోన్ చెయ్యండి, ఆ రోజు డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆగకండి.

డాక్టరు సరేనన్నాక నడక తప్పకుండా మొదలుపెట్టాలి, ఈ విషయంలో ఆయన ఉత్సాహం సరైనదే. మొదటి వారం రోజుకి 10 నిమిషాలు, వారానికి 5 రోజులు. ప్రతి వారం ఒక 5 నిమిషాలు పెంచుకుంటూ 30కి రండి. వారానికి 150 నిమిషాలు కనీసం. కసరత్తులో నాడి ఎంత దాకా లేవొచ్చో చెప్పే, 220లోంచి వయసు తీసేసే సూత్రం అటెనలాల్ వేసుకునేవాళ్ళకి పనికిరాదు, బిళ్ళ నాడిని లేవనివ్వదు కాబట్టి ఆ అంకె కోసం ఆయన ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. నడుస్తూ నాలుగు మాటలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. పొద్దెక్కక ముందే వెళ్ళాలి. మన గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అదే నడకకి నాడి ఎక్కువ పరుగెడుతుంది. నడకయ్యాక కొబ్బరి బొండం తాగడం మన వైపు అందరికీ అలవాటే. అందులో పొటాషియం ఎక్కువ. క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆయన రోజుకి రెండు మూడు బొండాలు కొట్టించుకోకుండా మంచినీళ్ళతో సరిపెట్టుకోవడం మంచిది. మూత్రపిండాలు బాగున్నాయని తేలితే ఆ బెంగ అక్కర్లేదు.

చివరిగా ఆ రెండు కాగితాల సంగతి. ఈసీజీ కాగితం వేడికి ముద్రపడే రకం, ఏడాది రెండేళ్ళలో గీతలు వెలిసిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా పోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ అసలు చేయించకండి, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది. ఇవాళే రెండేసి జిరాక్సులు తీయించి, వెనక తేదీ, వయసు, ఆ రోజు వేసుకున్న మందులు రాసి దాచండి. ఇంకో అయిదేళ్ళకి ఏ డాక్టరు ఈసీజీ తీసినా పోల్చి చూసుకోవడానికి ముందు అడిగేది ఈ పాత కాగితాన్నే.